పండక్కి ఊరెళ్లే కంప్యూటర్ వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో కావలి దిగి, ఇంట్లో బ్యాగు కింద పెట్టకముందే మొదటి కేసు వచ్చేస్తుంది. "మామా, ఈ లాప్‌టాప్ ఏందో ఒకటే నత్తనడక, కాస్త చూడరాదా?" మీరు రాసేది జావా అయినా, చేసేది టెస్టింగ్ అయినా ఊళ్లో మీరు కంప్యూటర్ మనిషే. భోగి నుంచి కనుమ దాకా ఈ తాకిడి తప్పదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది.

హద్దు చెప్పాల్సింది మూత తెరవకముందే. ఒకసారి చెయ్యి పెట్టారంటే, నెల తర్వాత ప్రింటర్ మొరాయించినా "నువ్వు చూసిన కాడ్నించే" అంటారు. "గంట చూస్తా, కాకపోతే షాపులో ఇద్దాం" అని ముందే అనేయండి.

అన్నిటికన్నా భయపడాల్సింది డేటాకి. ఒకసారి స్నేహితుడి ఎరువుల కొట్టు సిస్టమ్ ఫార్మాట్ చేశాను. "ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో వేశా" అన్నాడు, నమ్మాను. ట్యాలీ లెక్కలు సి డ్రైవ్‌లోనే ఉన్నాయని తెలిసేసరికి అవి లేవు. వాడు ఒక్క మాట అనలేదు. ఏడాది పాటు ఫోనూ చెయ్యలేదు. అప్పట్నుంచి బ్యాకప్ వాళ్ల చేతే, వాళ్ల హార్డ్ డిస్క్‌లోకే తీయిస్తున్నాను. ఆ ఫైళ్లు ఒకసారి తెరిచి చూడమంటాను కూడా. విండోస్ 11 లాప్‌టాప్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉండొచ్చు. ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా, విండోస్ కంటే ముందు లేచే బయోస్ సెట్టింగుల జోలికి పోవద్దు. డిస్క్ టక్‌టక్‌మంటుంటే వెంటనే ఆపేసి, నా వల్ల కాదని చెప్పండి. తిరిగేకొద్దీ మిగిలిందీ పోతుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి "11 ఎక్కించు" అనేవాళ్లు ఎక్కువే ఉంటారు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేని పాత మెషిన్‌లో అడ్డదారిన ఎక్కించి మెడకు చుట్టుకోకండి. క్రాక్ సాఫ్ట్‌వేర్ అడిగితే నవ్వి ఊరుకోండి.

పాస్‌వర్డ్ వాళ్లే కొట్టాలి, మీరు గోడవైపు చూడాలి. ఖాతాలో డబ్బు కొట్టేశారని వస్తే మాత్రం లాప్‌టాప్ పక్కన పెట్టి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

మేనమామ దగ్గర ఈ హద్దులేవీ పనిచెయ్యవు. ఆయనకు చేసిపెట్టడమే.

తిరుగు రైలున్న రోజు ఎవరి లాప్‌టాప్ మూతా తీయకండి. అప్‌డేట్ 30 శాతం దగ్గర ఆగిందని బండి కావలి స్టేషన్‌లో ఆగదు.