నెదర్లాండ్స్ దేశంలోని నగరంలో ప్రశాంతమైన వీధిలో కాపురం పెట్టేవారికి

తిరుపతి నుంచి ఉద్యోగరీత్యా రోటర్‌డామ్ వంటి నగరానికి వెళ్లేవారు, అద్దె ఒప్పందం మీద సంతకం చేయకముందే, ఆ చిరునామాలో నగరపాలక సంస్థ వద్ద పేరు నమోదు చేసుకోవడానికి యజమాని ఒప్పుకుంటారో లేదో తప్పక అడగాలి. నాలుగు నెలలకు మించి ఉండేవారు చేరిన 5 రోజుల్లోగా ఈ నమోదు కోసం దరఖాస్తు చేసుకోవాలి. బీఎస్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య దీనితోనే వస్తుంది, జీతానికీ ఆరోగ్య బీమాకూ అదే ఆధారం.

పాత ఇళ్లలో మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి, చెక్క నేల మీద అడుగుల చప్పుడు కింది ఇంటివారికి స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి రాత్రి పదింటి తరువాత ఇడ్లీపిండి రుబ్బకూడదు. తెల్లవారుజామున సుప్రభాతం వినే అలవాటున్నవారు, అది మానవలసిన పనిలేదు గానీ, పక్క గోడ దాటనంత మెల్లగా పెట్టుకోవాలి. ఇంట్లో దిగిన మొదటి వారంలోనే ఇరుగుపొరుగువారిని పలకరించి పరిచయం చేసుకోవడం చాలా మంచిది. బయట వీధిలో సైకిళ్లకు కేటాయించిన ఎర్రటి దారిలో మాత్రం నడవకండి.