ఆటగాళ్లు మీ కథలోకి రావట్లేదా? గేమ్ మాస్టర్ సమస్యలు - పరిష్కారాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్లలో వీకెండ్ రాత్రులు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథలా ఆడే ఆట) ఆడించే మనవాళ్లు, అంటే కథ నడిపే గేమ్ మాస్టర్లు, తరచూ మొత్తుకునేవి ఇవీ. కథ రాజుల కాలంలో నడిపినా, కేఆర్ మార్కెట్‌లో నడిపినా మందు ఒకటే.

సమస్య: "ఏం చేద్దాం మామా?" అంటూ అరగంట చర్చ.

కారణం: మార్కెట్ అంతా వర్ణించి, "ఇప్పుడేం చేస్తారు?" అని అందరినీ కలిపి అడిగారు. అందరినీ అడిగితే ఎవరూ పలకరు.

పరిష్కారం: చివర విన్నదే బుర్రలో ఉంటుంది కాబట్టి, వర్ణన చివర్లో ఏదో ఒకటి జరగనివ్వండి. "పూల కొట్టావిడ మిమ్మల్ని చూసి గబగబా షట్టర్ దించేస్తోంది." వెంటనే దొంగ పాత్ర ఆడే అమ్మాయి వైపు తిరగండి: "నువ్వే దగ్గరున్నావు, ఏం చేస్తావ్?"

సమస్య: అసలు క్లూ వదిలేసి టీ కొట్టాయన వెంట పడ్డారు.

కారణం: ఆయనకి పేరు పెట్టారు, మీసం పెట్టారు, గొంతు మార్చి మరీ మాట్లాడారు. ఇంకెవరి వెంట పడతారు?

పరిష్కారం: వెనక్కి లాగకండి. క్లూని ఆయన నోటే చెప్పించండి: "ఆ రాత్రి ఇక్కడే టీ తాగాడు సార్, చిల్లర కూడా తీసుకోకుండా పరిగెత్తాడు." మీ నోట్‌బుక్‌లో ఏముందో వాళ్లకేం తెలుసు!

సమస్య: డైస్ పడలేదు, కథ ఆగిపోయింది.

కారణం: తప్పనిసరి క్లూని డీసీ 15 వెనక దాచారు, అంటే డైస్ అంకెకి పాత్ర బోనస్ కలిపితే కనీసం 15 రావాలి. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్ లెక్కలో అది మధ్యస్థమే. కానీ బోనస్ లేనివాడికి 20 ముఖాల డైస్ మీద గెలిచే అవకాశం 30 శాతం, +3 ఉన్నా 45.

పరిష్కారం: క్లూ ఊరికే ఇచ్చేయండి. డైస్ అదనపు వివరాలకి ఉంచండి.

సమస్య: "ఎటెళ్లినా నువ్వనుకున్న చోటికే కదా!"

కారణం: రెండు దారులూ ఒకే బంగ్లాకి చేర్చారు. ఏ దారిలో ఏముందో వాళ్లు వాకబు చేయకముందైతే బంగ్లాని ఎటు జరిపినా మీ ఇష్టం. చేశాక జరిపితే, నా దృష్టిలో అది మోసమే.

పరిష్కారం: ఏ దారిలో ఏం దక్కుతుందో, ఏం పోతుందో ముందే చెప్పండి. "మెయిన్ రోడ్డున వెళ్తే తెల్లారేలోపు చేరతారు, కానీ చెక్‌పోస్ట్ ఉంది. చెరువు గట్టున ఎవరూ ఆపరు, కానీ బంగ్లాలో ఉన్న బందీని అప్పటికి తరలించేయొచ్చు." టెన్షన్ దానంతటదే పుడుతుంది, చాలాసార్లు మీరు కోరుకున్న రోడ్డే ఎక్కుతారు. ఎక్కకపోతే, బందీ నిజంగానే అక్కడ ఉండకూడదు. అందుకే ఆ ఖాళీ గదిలో ఏం దొరుకుతుందో కూడా ఆటకి ముందే రాసి పెట్టుకోండి: తెగిన తాడు, ఇంకా వేడిగా ఉన్న లాంతరు, బండి చక్రాల జాడ.