మా కాలేజీలో మూడు సైట్లకు ఒకటే లాగిన్: కీక్లోక్ పెట్టిన తీరు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బస్సు దిగి మా డిగ్రీ కాలేజీకి వచ్చే పిల్లల్లో చాలామంది దేవరకొండ, మునుగోడు, నకిరేకల్ దిక్కువాళ్లు. వాళ్లకు మేం మూడు పాస్‌వర్డ్‌లు ఇచ్చినం: లైబ్రరీకి ఒకటి, హాజరుకు ఒకటి, ఇంటర్నల్ మార్కులకు ఒకటి. ప్రతి సోమవారం నా ల్యాబ్ తలుపు దగ్గర లైన్ ఉండేది. "సార్, పాస్‌వర్డ్ మర్చిపోయిన." ఒకమ్మాయి మూడింటినీ నోట్‌బుక్ అట్ట వెనుక రాసుకుంది. ఆ నోట్‌బుక్ క్లాసంతా తిరుగుతది. ఆ అట్ట చూసిన రోజే అనుకున్న, పాస్‌వర్డ్ ఒక్క చోటనే ఉండాలె, మిగతా సైట్లు దాన్ని అసలు చూడనే వద్దు.

ఆ ఒక్క చోటు కోసం కీక్లోక్ అనే లాగిన్ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న. ఉచితం, ఓపెన్ సోర్స్, 2014 నుంచి ఉన్నది. సైట్లతో అది మాట్లాడే పద్ధతి ఓపెన్ఐడీ కనెక్ట్. పిల్లవాడు లైబ్రరీ సైట్‌లో లాగిన్ నొక్కితే బ్రౌజర్ కీక్లోక్ పేజీకి పోతది. పాస్‌వర్డ్ అక్కడ కొడతడు. కీక్లోక్ ఒక చిన్న కోడ్ ఇచ్చి బ్రౌజర్‌ను వెనక్కి పంపుతది. లైబ్రరీ సర్వర్ ఆ కోడ్‌ను, తన రహస్య కీని నేరుగా కీక్లోక్‌కు చూపి టోకెన్ తీసుకుంటది. ఆ టోకెన్‌లో ఈ మనిషి ఎవరన్నది సంతకంతో సహా ఉంటది. ఈ వరుస మనసుకు పట్టినంకనే సెట్టింగులు ముట్టుకోండి.

ఇన్‌స్టాల్ గురించి ఎక్కువ చెప్పను. అసలు వాడకానికి డెవలప్‌మెంట్ మోడ్ (ప్రయోగాల కోసం ఉన్నది) వద్దు, హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి, డేటాబేస్‌కు పోస్ట్‌గ్రెస్ పెట్టండి. రియల్మ్ అంటే యూజర్లు, సైట్ల సెట్టింగులు కలిపి ఉండే ఒక విడి గది. ముందే ఉండే మాస్టర్ రియల్మ్‌ను అడ్మిన్ పనికే వదిలేసి, కాలేజీకి వేరే రియల్మ్ చెయ్యండి. యూజర్‌నేమ్‌గా హాల్ టికెట్ నంబర్ పెట్టినం, ఎందుకంటే ఒక్క సెక్షన్‌లోనే ముగ్గురు శ్రీకాంత్‌లు ఉన్నరు. పాత పాస్‌వర్డ్‌లు తేలేదు. తాత్కాలికంగా ఒకటి ఇస్తే మొదటి లాగిన్‌లో కీక్లోకే మార్పిస్తది.

తర్వాత ఒక్కో సైట్‌కు ఒక్కో క్లయింట్, అంటే కీక్లోక్‌లో ఆ సైట్ పేరిట ఒక నమోదు. క్లయింట్ అథెంటికేషన్ (సైట్‌ను రహస్య కీ అడగడం) ఆన్ చెయ్యండి, స్టాండర్డ్ ఫ్లో (పైన చెప్పిన కోడ్ పద్ధతి) ఉంచండి, డైరెక్ట్ యాక్సెస్ గ్రాంట్స్ టిక్ తీసెయ్యండి. అది ఉంటే సైటే పాస్‌వర్డ్ అడిగి తీసుకునే దారి తెరిచినట్టు, అప్పుడు ఇదంతా చేసి ఫాయిదా లేదు. క్రెడెన్షియల్స్ ట్యాబ్‌లో దొరికే రహస్య కీ సర్వర్‌లోనే ఉండాలె, బ్రౌజర్‌కు పోయే కోడ్‌లో ఎక్కడా రావద్దు. రీడైరెక్ట్ అడ్రస్ (కోడ్ ఇచ్చి బ్రౌజర్‌ను వెనక్కి పంపే చోటు) మొత్తం, అక్షరం పొల్లుపోకుండా రాయండి. పని తొందరగా కావాలని చివర 'ఏదైనా సరే' అనే నక్షత్రం గుర్తు (*) పెట్టి వదిలేస్తే, ఆ డొమైన్‌లో ఏదో ఒక పాత పేజీ ద్వారా కోడ్ పరాయి చేతికి పోయే వీలుంటది.

సైట్ వైపు టోకెన్ పరీక్షకు సొంత కోడ్ రాయకండి, మీ ప్రోగ్రామింగ్ భాషలో పేరున్న రెడీమేడ్ కోడ్ లైబ్రరీ వాడండి. సంతకం, ఇచ్చింది ఎవరు, ఎవరి కోసం, గడువు, నాన్స్ (ఆ ఒక్క లాగిన్ కోసం సైట్ పంపిన గుర్తు): ఈ అయిదూ అది చూస్తున్నదా లేదా చూసుకోండి. పిల్లవాడిని గుర్తుపట్టడానికి ఈమెయిల్ మీద ఆధారపడొద్దు, అది మారుతది. హాల్ టికెట్ నంబర్‌తో మొదటిసారి పాత రికార్డును కలిపి, అక్కడినుంచి టోకెన్‌లోని 'సబ్' అనే గుర్తింపునే దాచుకోండి.

గడువు అన్న కదా, దాంతో నాకు రెండు రోజులు నిద్ర లేదు. హాజరు సైట్ ఉన్న పాత కంప్యూటర్‌లో చిన్న బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి పోయేది. ఇప్పుడే పుట్టిన టోకెన్ దానికి రేపటిదిలా కనబడి, ఎవ్వరినీ లోపలికి రానియ్యలేదు. నేను కీ తప్పేమో అని పదిసార్లు మార్చిన. బ్యాటరీ మార్చి, అన్ని సర్వర్లకు క్రోనీ (గడియారాన్ని నెట్‌వర్క్ టైముతో కలిపే ప్రోగ్రాం) పెట్టి టైము కలిపినంక ఒక్క తప్పు రాలేదు.

అన్నిటికంటె ఎక్కువ ఆలోచించింది లాగౌట్ గురించి. ల్యాబ్‌లో ఒకే కంప్యూటర్ మీద రోజుకు ఆరుగురు కూసుంటరు. లైబ్రరీ సైట్‌లో లాగౌట్ కొట్టి ఒకడు లేచిపోతే, కీక్లోక్ సెషన్, అంటే అక్కడ లాగిన్ అయి ఉన్న స్థితి, అట్లనే బతికుంటది. తర్వాత కూసున్నవాడు మార్కుల సైట్ తెరిస్తే పాస్‌వర్డ్ అడగకుండనే మొదటివాడి మార్కులు కనబడతయి. మాకు పరీక్షించేటప్పుడే ఇది దొరికింది, లేకుంటే ఏ ఆడపిల్ల వివరాలు ఎవరు చూసేవాళ్లో. అందుకే ప్రతి సైట్ లాగౌట్ బటన్ ముందు తన సెషన్ తుడిచి, వెంటనే కీక్లోక్ ఎండ్ సెషన్ అడ్రస్‌కు పంపాలె. ఐడీ టోకెన్, తిరిగి రావాల్సిన అడ్రస్ కూడా దానితో ఇవ్వాలె. మిగతా సైట్లకు తెలియడానికి బ్యాక్‌చానెల్ లాగౌట్ పెట్టండి, అంటే కీక్లోకే ఆ సైట్ల సర్వర్లకు నేరుగా కబురు పెడతది. సెషన్ ఖాళీగా ఉండే గడువు మామూలుగా 30 నిమిషాలు, మేం 10 చేసినం. 'గుర్తుపెట్టుకో' టిక్ ఆపేసి ఉంచినం.

కీక్లోక్ పడిపోతే మూడు సైట్లూ మూతపడతయి. కాబట్టి డేటాబేస్‌కు రోజూ బ్యాకప్, సర్వర్‌కు యూపీఎస్, ఒక్కో సైట్‌లో బయటినుంచి అందని ఒక స్థానిక అడ్మిన్ ఖాతా. ముందు లైబ్రరీని కలిపి నెల రోజులు చూడండి, తర్వాత హాజరు. మార్కుల సైట్ జోలికి పరీక్షలు అయిపోయినంకనే పోండి.