నీటి పరీక్షల ప్రాజెక్టులో లెక్క తేడా: ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

సర్కారు నిధులతో విశాఖ తీరపు నీటి నాణ్యత చూసే స్కాలర్లకు, గైడ్లకు.

సమస్య: ఫిషింగ్ హార్బర్ పట్టికలో కరిగిన ఆక్సిజన్ 5.237 అని ఉంది.

కారణం: వింక్లర్ పద్ధతిలో (కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే పద్ధతి) 201 మి.లీ. నమూనాకు 0.025 నార్మల్ థయోసల్ఫేట్ వాడితే, టైట్రేషన్‌లో (రంగు పోయేదాకా ద్రావణాన్ని చుక్కచుక్కగా కలపడం) పట్టిన ప్రతి 1 మి.లీ. లీటరుకు 1 మి.గ్రా. ఆక్సిజన్ కింద లెక్క. ఆ ద్రావణం పోసే గాజు గొట్టం, బ్యూరెట్టు మీద గీతలు 0.1 మి.లీ.కి ఒకటి. అంటే 5.2 వరకే నమ్మాలి. చివరి 37 నీళ్లలోది కాదు: ఎక్సెల్ తీసిన సగటైనా కావాలి, టైట్రేషన్ చేయకుండానే రాసిందైనా కావాలి.

పరిష్కారం: బ్యూరెట్టు మొదటి, చివరి రీడింగులున్న ముడి పుస్తకం తెప్పించండి. ఉంటే సగటును ఒక దశాంశానికి కుదిస్తే చాలు. లేకపోతే ఆ వరుస తీసేసి, ఎందుకు తీశారో రిపోర్టులో రాయాలి. గుర్తు తెచ్చుకుని నింపితే అది కల్పనే. కొట్టివేతకు ఒకే గీత, పక్కన సంతకం, తేదీ; వైట్‌నర్ పుస్తకం దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

సమస్య: హార్బర్ సీసాలన్నిటిలో ఆక్సిజన్ మరీ తక్కువ.

కారణం: ఫిక్స్ చేయకుండా, అంటే ఆక్సిజన్‌ను పట్టి ఉంచే రసాయనాలు వేయకుండా, ల్యాబ్‌కి మోసుకొచ్చారు. చేపల వ్యర్థాలున్న నీళ్లలో బ్యాక్టీరియా సీసా మూత బిగించాక కూడా ఆక్సిజన్‌ను తింటూనే ఉంటుంది.

పరిష్కారం: 300 మి.లీ. సీసాలో మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్-అజైడ్ 1 మి.లీ. చొప్పున జెట్టీ మీదే వేయాలి. మర్చిపోతే ఆ సంగతి రాసి, మళ్లీ నమూనా తీయండి. మర్చిపోవడం పొరపాటు, ఫిక్స్ చేసిన టైము దిద్దడం మోసం.

సమస్య: థీసిస్ సారూప్యం (ఇతర రచనలతో కలిసే భాగం) 38 శాతం.

యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకైతే గడువులోగా, గరిష్ఠంగా 6 నెలల్లో, సవరించి ఇవ్వాలి. 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ముందు రిఫరెన్సులు, ఆధారం చూపిన ఉటంకింపులు లెక్కలోంచి తీసేశారేమో చూడండి. మిగిలింది సీనియర్ థీసిస్‌లోని పద్ధతుల అధ్యాయమైతే పర్యాయపదాలు మార్చి లాభం లేదు, అది ఇంకా పట్టుబడే పని. ఆ పద్ధతికి ఆధారం చూపి, మీరు మార్చినది మాత్రమే రాయండి.

సమస్య: థయోసల్ఫేట్ బిల్లు తేదీ టైట్రేషన్ తేదీ తర్వాతది.

తరచూ పక్క ప్రాజెక్టు సీసా వాడి ఉంటారు. స్టాక్ రిజిస్టర్‌లో ఆ అరువు నమోదై ఉందో లేదో చూసి, లేకపోతే యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) మీద సంతకం పడకముందే అకౌంట్స్ వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి.