సినిమాతో ఫ్రెంచ్ – 9వ పాఠం: ‘ఇక’తో జాగ్రత్త

పోయిన పాఠంలో ‘కాదు, లేదు’ అనడానికి ‘న... పా’ నేర్చుకున్నాం. క్రియకు ముందు న, వెనక పా. ఇవాళ ఆ ‘పా’ తీసేసి ‘ప్ల్యూ’ పెడదాం.

ఝ న ఝూ పా – నేను ఆడను.
ఝ న ఝూ ప్ల్యూ – నేనిక ఆడను.

అంతే, ‘ఇక’ వచ్చి చేరింది. పలికేటప్పుడు నోట్లో ‘ఈ’ అంటూ పెదాల్ని మాత్రం ఈల వేస్తున్నట్టు ముందుకు చాపండి. మొదట్లో నవ్వొస్తుంది, ఫర్వాలేదు.

క్లోద్ షబ్రోల్ 1997లో తీసిన సినిమా పేరులోనే ఈ పాఠం ఉంది: ‘ర్యాఁ న వా ప్ల్యూ’. ర్యాఁ అంటే ‘ఏదీ’. ఇక్కడ అదే కర్త కాబట్టి ముందుకొచ్చి కూర్చుంది. కాసినోలో రూలెట్ అనే జూదం బల్ల దగ్గర గోళీ తిరుగుతుండగా ఆట నడిపేవాడు ఈ మాట అన్నాడంటే, ఇక పందేలు కాయకూడదని. అదే మాట ఇంట్లో నిట్టూరుస్తూ అంటే, ‘ఏదీ సవ్యంగా సాగడం లేదు’ అని.

ఆ సినిమాలో ఇజబెల్ యుపెర్, మిషెల్ సెరో జంట మోసగాళ్లు. కాసినోలో ఒంటరిగా దొరికిన పెద్దమనిషి గ్లాసులో ఆమె మత్తుమందు కలుపుతుంది. అతను పడిపోయాక ఇద్దరూ డబ్బు మొత్తం ఊడ్చెయ్యరు, కొంత వదిలేస్తారు. పొద్దున లేచినవాడికి అనుమానమే రాకూడదు మరి! సినిమాలో నాకు బాగా నచ్చింది ఈ కక్కుర్తి లేని దొంగతనమే.

భాష కూడా ఇలాంటి హస్తలాఘవమే చూపిస్తుంది. మాటల్లో ఫ్రెంచివాళ్లు ‘న’ను మింగేస్తారు.

ఝే ప్ల్యూ దార్ఝాఁ – నా దగ్గర ఇక డబ్బు లేదు.
ఝే ప్ల్యూస్ దార్ఝాఁ – నా దగ్గర ఇంకా ఎక్కువ డబ్బుంది.

కాగితం మీద రెండింటికీ అక్షరాలు ఒకటే. చివరి ‘స్’ వినపడితే ఉన్నట్టు, వినపడకపోతే లేనట్టు. ఒకసారి దుకాణంలో ‘చిల్లర అయిపోయింది’ అనబోయి నేను ఆ ‘స్’ గట్టిగా పలికాను. దుకాణదారు సంతోషంగా చెయ్యి చాపాడు.

అభ్యాసం: పుస్తకం మూసి వీటిని ఫ్రెంచ్‌లో పైకి అనండి.

1. ఆమె ఇక్కడ లేదు. (ఎల్ నే పా లా)
2. ఆమె ఇక ఇక్కడ లేదు.
3. నాకిక ఆకలిగా లేదు. (ఆకలి: ఫ్యాఁ)

మూడోదాన్ని ‘న’ మింగేసి మళ్లీ అనండి. జవాబులు 10వ పాఠంలో.