దేవుడంత బలమున్న హీరోకి కథ రాయాలంటే

కొండనెత్తగలడు, బుల్లెట్ దిగదు, ఎగరగలడు, చావు లేదు. ఇలాంటి హీరోతో మొదలుపెట్టిన కథలు చాలావరకు మూడో అధ్యాయానికే ఆగిపోతాయి, ఎందుకంటే వాడికి అడ్డొచ్చేది ఏదీ మిగలదు. అప్పుడు ఏ పచ్చరాయో తెచ్చి వాడి బలం లాగేస్తారు. ఆ రాయి జోలికి పోకుండానే కథ నడపొచ్చు. బలాన్ని తగ్గించకండి, దాన్ని వాడిన ప్రతిసారీ ఎవరో ఒకరికి లెక్క చెప్పాల్సి వచ్చేలా చేయండి.

సూపర్‌మ్యాన్ 1938లో మొదటిసారి వచ్చినప్పుడు అతనికి ఎగరడం రాదు. దూకేవాడు, అదీ మైలులో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 200 మీటర్లు. తర్వాత శక్తులు పెరుగుతూ పోయాయి, 1943లో రేడియో సీరియల్‌లో అతని బలం లాగేసే రాయి, క్రిప్టోనైట్, వచ్చింది. రాయి పెట్టడం తప్పని కాదు కానీ, రాయి తీసేయగానే సమస్య కూడా తీరిపోతుంది, హీరో మనసులో ఏమీ మారదు.

మన భీష్ముణ్ణి చూడండి. కోరుకున్నప్పుడే చావు వచ్చే వరం ఉంది, ఎదురు నిలిచేవాడు లేడు. అయినా ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చిన రోజు కూర్చునే ఉన్నాడు. అతని చేతిలోంచి విల్లు ఎవరూ లాక్కోలేదు, ఎప్పుడో తండ్రి కోసం చేసిన ప్రతిజ్ఞ, దానివల్ల సింహాసనానికి కట్టుబడిపోవడం, ఆ రెండూ కలిసి చేతులు కట్టేశాయి. కర్ణుడిదీ అంతే, అబద్ధం చెప్పి నేర్చుకున్న విద్య కాబట్టి అవసరమైన రోజునే గుర్తు రాకుండా పోయింది. కాబట్టి మొదటి పని, మీ హీరో హద్దు ఏంటో ఒక్క వాక్యంలో రాయండి, ఆ హద్దు అతను చేసిన పనిలోంచో ఇచ్చిన మాటలోంచో పుట్టాలి.

రెండోది, శక్తికి కొలత పెట్టండి. అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేసుకునే కుర్రాడు మన హీరో అనుకుందాం, ఊరంతటి అరుపులూ వినగలడు. బెంగళూరు జనాభా కోటి దాటింది. రాత్రి మూడింటికి అతనికి ఏం వినిపిస్తుంది? వైట్‌ఫీల్డ్ నుంచి కెంగేరికి ఎగరడానికి ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు అని రాశారంటే అందరినీ కాపాడేస్తాడు, కథ అక్కడితో అయిపోయింది. నాలుగు నిమిషాలు అని రాయండి. ఇప్పుడు కెంగేరిలో ఒకరు, వైట్‌ఫీల్డ్‌లో ఒకరు ఒకేసారి పిలిస్తే అతను ఒకరిని ఎంచుకోవాలి. ఆ రెండోవాళ్ల అమ్మ మర్నాడు పీజీ గేటు దగ్గరకొచ్చి "మావాడు నిన్నే పిలిచుంటాడు నాయనా, నీకు వినపడలేదా?" అని అడగాలి. వినపడింది. ఈ సీన్‌ని తొందరపడి ముగించకండి, పేజీలు పట్టినా పర్లేదు, అతను అబద్ధం చెబుతాడా నిజం చెబుతాడా అన్నదాంట్లోనే మీ హీరో ఎవరో తేలిపోతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది, శక్తి వాడితే దాని ఫలితం ఎక్కడికి పోతుందో కనుక్కోవడం. 2022 సెప్టెంబర్ వానలకి బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మునిగి, జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. ఆ రోజు మన హీరో దిగి బెళ్లందూరు నీళ్లన్నీ ఒక్క తోపుతో తోసేశాడు అనుకోండి. ఎటు తోశాడు? ఈ ఊరి చెరువులు రాజకాలువలతో, అంటే వాననీళ్లు పోయే పెద్ద కాలువలతో, ఒకదానికొకటి కలిసి ఉంటాయి, బెళ్లందూరు నీళ్లు వర్తూరు చెరువుకి, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని నదిలోకి, చివరికి తమిళనాడు వైపు పోతాయి. అంటే ఐటీ ఉద్యోగుల వీధి ఆరబెట్టి వర్తూరులో ఇళ్లు ముంచాడు. సరే, అసలు కారణమే తీసేద్దామని కాలువకి అడ్డంగా కట్టిన అపార్ట్‌మెంట్ గోడలు పగలగొడితే? ఆ ఫ్లాట్‌కి ఇంకా ఈఎంఐ కడుతున్న కుటుంబం రోడ్డున పడుతుంది, వాళ్లు తెలిసి తప్పు చేసినవాళ్లు కూడా కాదు. ఎవరిల్లు ఉండాలో ఎవరిల్లు పోవాలో తేల్చే హక్కు అతనికి ఎవరిచ్చారు? ఓటేసి ఎన్నుకోలేదు, కోర్టు చెప్పలేదు. దేవుడంత బలం మోసేవాడి మీద పడే అసలు బరువు ఇదే అని నా గట్టి నమ్మకం. విలన్‌తో రెండు గుద్దులు గుద్దించడం కన్నా ఈ ప్రశ్న ముందు నిలబెట్టడం వెయ్యి రెట్లు మేలు.

విలన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. హీరోకి సమానమైన కండలు ఇవ్వకండి, హీరో ఒప్పుకోక తప్పని వాదన ఒకటి ఇవ్వండి చాలు.

బలం పెరిగేకొద్దీ మనిషితనం తరిగిపోవడం ఇంకో దారి. 'వాచ్‌మెన్' కామిక్‌లో డాక్టర్ మన్‌హట్టన్ అనే హీరోకి జరిగిందీ జరగబోయేదీ ఒకేసారి కనిపిస్తాయి, చివరికి మనుషుల మీద ఆసక్తే పోయి అంగారకుడి మీదకి వెళ్లిపోతాడు. మీరు రాసేటప్పుడు అంత దూరం పంపక్కర్లేదు. పీజీలో రూమ్మేట్ అబద్ధమాడితే గుండె చప్పుడు మారడం వినపడుతుంది, రోజూ వినపడుతుంది. అలాంటివాడికి స్నేహితుడు ఎన్నాళ్లు మిగులుతాడో రాయండి. అలాగే శక్తి అసలు అంటని చోట్లు కొన్ని ఉంచండి. 1978 సినిమాలో సూపర్‌మ్యాన్‌ని పెంచిన తండ్రి గుండెపోటుతో పోతాడు, అన్ని శక్తులుండీ కొడుకు ఏమీ చేయలేకపోతాడు. మన కుర్రాడికి అనంతపురంలో అమ్మానాన్నలు ఉంటారు కదా, అక్కడ వెతకండి.

అయితే అదే సినిమా చివర్లో హీరో కాలాన్ని వెనక్కి తిప్పి, ప్రేమించిన అమ్మాయిని బతికించుకుంటాడు. ఆ శక్తి మాత్రం మీ కథలోకి రానివ్వకండి. ఒక్కసారి తిప్పగలిగితే, ప్రతి చావుకీ ఎందుకు తిప్పలేదని పాఠకుడు అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. డ్రాఫ్ట్ పూర్తయ్యాక దీనికోసమే ఇంకోసారి చదవండి, కాలయానం, బతికించే మందు, జ్ఞాపకాలు చెరిపేయడం లాంటివి ఎక్కడైనా దూరి ఉంటే కొట్టేసి ఆ అధ్యాయం మళ్లీ రాయండి.