గేమింగ్ మానిటర్ రోజువారీ పనికి పనికొస్తుందా?

నా పగలంతా అక్షరాలతోనే. ఆట రాత్రి కాసేపు. అందుకే కొత్త మానిటర్‌లో మొదట ఒక పొడవాటి పత్రం తెరుస్తాను. 27 అంగుళాల తెరకు 1080పీ (1920×1080 పిక్సెళ్లు) అయితే అంగుళానికి సుమారు 82 పిక్సెళ్లే. అక్షరాల అంచులు గరుకుగా ఉంటాయి. 1440పీలో (2560×1440) అవి 109, కంటికి హాయి.

సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చూడండి. 144 హెర్ట్జ్ తెర కూడా తరచూ 60 దగ్గరే ఆగి ఉంటుంది. నల్లని నేపథ్యం మీద బూడిద రంగు అక్షరాలను వేగంగా జరపండి. వీఏ ప్యానెల్ (ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం) అయితే వెనుక మసక తోక కనిపించవచ్చు. అలాగని పిక్సెళ్ల రంగు త్వరగా మారేలా చేసే ఓవర్‌డ్రైవ్‌ను చివరిదాకా పెంచితే అంచుల్లో తెల్లటి నీడలు మొదలవుతాయి. వెలుగు తగ్గించి ఫోను కెమెరాతో చూడండి. చారలు కదులుతుంటే తెర వెలుగు మినుకుమంటోందని అర్థం. అప్పుడు కళ్లు త్వరగా అలిసేవారు తిరిగి ఇచ్చేయడమే మేలు.

హెచ్‌డీఆర్ 400 ముద్రను (వెలుగునీడల తేడాను బాగా చూపే హెచ్‌డీఆర్‌లో అట్టడుగు స్థాయి) నేనైతే లెక్కచేయను. స్టాండు ఎత్తు మారాలి. లేకపోతే వెనుక వెసా రంధ్రాలైనా (వేరే స్టాండు బిగించుకునే ప్రామాణిక రంధ్రాలు) ఉండాలి.